సేఫ్టీ రేజరుతో గడ్డం గీసుకోవడం: విశాఖ నీళ్లకు, విశాఖ గాలికి తగిన సమగ్ర మార్గదర్శి

సేఫ్టీ రేజరుతో గడ్డం గీసుకోవడం నేర్చుకోదలచిన వారికి ముందుగా చెప్పవలసిన మాట ఒక్కటే: చెయ్యి ఒత్తకూడదు. ఈ పరికరంలో వెంట్రుకను తెంచే పని బ్లేడు పదునుది, బ్లేడును చర్మం మీద ఆనించి ఉంచే పని రేజరు బరువుది. చేతికి మిగిలేది కోణం తప్పకుండా చూసుకోవడం మాత్రమే. కార్ట్రిడ్జ్ రేజరుకు, అంటే బ్లేడ్లు తలలోనే బిగించి వచ్చే రేజరుకు, అలవాటు పడిన చెయ్యి తెలియకుండానే ఒత్తుతుంది, ఎందుకంటే ఆ రేజరు తల ముఖం వంపులను బట్టి ఊగుతూ మన పొరపాటును కొంతవరకు సర్దేస్తుంది. సేఫ్టీ రేజరు తల ఊగదు. కాబట్టి మొదటి నెలలో నేర్చుకునే దానికంటే మానుకోవలసిందే ఎక్కువ. కింద వివరించే నీళ్లు, నురుగు, వెంట్రుకల వాలు, కోణం అన్నీ ఒత్తవలసిన అవసరమే రాకుండా చేయడానికి ఉద్దేశించినవని గుర్తుంచుకుంటే ఏ మెట్టునూ దాటవేయాలని అనిపించదు.

పరికరం, బ్లేడు

మంగలి కత్తిని ఎవరి ముఖం మీద వారు నడుపుకోవడం కష్టం కాబట్టి, అంచుకు కాపు పెట్టిన రేజర్లు 19వ శతాబ్దంలోనే వచ్చాయి. అమెరికాలో కాంఫె సోదరులు 1880లో అటువంటి దానికి పేటెంటు పొందారు. అయితే వాటి బ్లేడును మళ్లీ మళ్లీ నూరుకోవలసి వచ్చేది. కింగ్ క్యాంప్ జిలెట్ 1904లో పేటెంటు పొందిన రేజరుతో ఆ శ్రమ తప్పింది. పలుచని ఉక్కు రేకుకు రెండు అంచులా పదును పెట్టి, మొద్దుబారగానే తీసేసి కొత్తది వేసుకునే ఏర్పాటు అది. ఇప్పుడు మన కిరాణా కొట్టులో దొరికే బ్లేడు కూడా ఆ వంశానిదే. 1971లో జిలెట్ సంస్థ రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌ను తెచ్చింది. అందులో ముందున్న బ్లేడు వెంట్రుకను కాస్త పైకి లాగితే, అది తిరిగి లోపలికి జారుకునేలోపు వెనక బ్లేడు ఇంకా కిందికి తెంచుతుంది. నున్నదనం బాగానే వస్తుంది గానీ, చర్మం మట్టానికి దిగువన తెగిన వెంట్రుక కొందరికి పైకి రాకుండా లోపలే ముడుచుకుని పెరిగి, మెడ మీద ఎర్రని పొక్కులు లేపుతుంది. అటువంటి వారిలో చాలామందికి ఒక్కో గీతలో ఒకే అంచు తాకే సేఫ్టీ రేజరు ఊరటనిస్తుంది.

రేజరులో సాధారణంగా మూడు భాగాలుంటాయి: పై మూత, అడుగు పలక, పిడి. దాదాపు 0.1 మిల్లీమీటరు మందం మాత్రమే ఉండే బ్లేడు ఆ రెండు పలకల మధ్య నొక్కుకుని విల్లులా వంగుతుంది, ఆ వంపు వల్లనే దానికి బిగువు వస్తుంది. అడుగు పలక అంచున ఉండే కడ్డీయే కాపు. ఆ కడ్డీ నిండుగా ఉన్న రకాన్ని, బ్లేడు తక్కువగా బయటికి కనిపించే దాన్ని కొత్తవారు ఎంచుకోవాలి. దువ్వెన పళ్ల వంటి అంచు ఉన్న రకం నాలుగైదు రోజుల గడ్డానికి అనువైనది, నేర్చుకునేందుకు మాత్రం తగదు. పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునే సీతాకోక రకం చూడముచ్చటగానే ఉంటుంది, కానీ దాని కీళ్లలో సబ్బు తెట్టు పేరుకుంటుంది. సముద్రపు గాలి తగిలే విశాఖలో, పూర్తిగా విప్పి కడిగి ఆరబెట్టగలిగే మూడు ముక్కల రేజరే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. చౌక రేజర్ల తల సాధారణంగా జింకు మిశ్రమంతో పోత పోసి క్రోమియం పూత పెట్టినదై ఉంటుంది, పూత లేచిన చోట ఉప్పుగాలి దాన్ని తినేస్తుంది. బీచ్ రోడ్డు, ఋషికొండ, భీమిలి వైపు ఉండేవారు కొంచెం ఎక్కువ పెట్టి ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో కొనుక్కుంటే అది ఎన్నో ఏళ్లు మన్నుతుంది. ఈ రేజర్ల బరువు చాలావరకు 60 నుంచి 100 గ్రాముల మధ్య ఉంటుంది. కొత్త చేతికి మరీ తేలికైనది వద్దు, బరువు చాలకపోతే చెయ్యి ఒత్తడం మొదలుపెడుతుంది.

బ్లేడు విషయంలో సెవెన్ ఓక్లాక్ వంటి మామూలు స్టెయిన్‌లెస్ బ్లేడు చాలు. జపాన్ ఫెదర్ బ్లేడు చాలా పదునైనదని పేరు, దాన్ని చెయ్యి కుదిరాక చూడవచ్చు. ఏది కొన్నా మొదటి నెలంతా అదే వాడండి. బ్లేడు, సబ్బు, రేజరు అన్నీ ఒకేసారి మారుస్తూ పోతే మంట దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తేలదు.

నీళ్ల సంగతి

విశాఖలో ఈ పని మొదలుపెట్టేవారు ముందు చూసుకోవలసింది తమ కొళాయి నీళ్లు ఎక్కడివన్నది. రైవాడ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి జలాశయాల నుంచీ ఏలేరు కాలువ నుంచీ నగరపాలక సంస్థ తెచ్చి ఇచ్చే నీళ్లు ఉపరితల జలాలు కాబట్టి, వాటితో సబ్బు సాధారణంగా సులువుగానే నురుగెత్తుతుంది. కానీ అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల వాడకానికి బోరు నీళ్లే గతి. ఆ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బులోని కొవ్వు ఆమ్లాలతో కలిసి, నీటిలో కరగని తెట్టుగా విరిగిపోతాయి. నురుగు లేచినట్టే లేచి, ముఖానికి పట్టించిన నిమిషంలోనే ఎండిపోతుంది. ఎండిన నురుగు మీద బ్లేడు జారదు, జారని బ్లేడును ఎవరైనా ఒత్తుతారు. కొత్తవారికి కలిగే గాట్లలో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది, నింద మాత్రం రేజరు మీద పడుతుంది.

మీ నీళ్లు కఠినమైనవో కావో కొళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్లని పొర, బకెట్ లోపలి చార చూస్తే తెలిసిపోతుంది. దీనికి పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. బ్రష్ తడపడానికి, నురుగు చేయడానికి మాత్రం పావు గ్లాసు తాగే నీళ్లు పక్కన పెట్టుకోండి. ముఖం తడుపుకోవడానికి, రేజరు జాడించడానికి బోరు నీళ్లు పరవాలేదు.

గడ్డం వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు మొండిగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలు బాగా నానితే నీరు పీల్చి మెత్తబడుతుంది. అందుకే గడ్డం గీసుకోవడానికి ఉత్తమమైన సమయం స్నానం ముగిసిన వెంటనే. స్నానం తరువాత చేసుకునే వీలు లేకపోతే, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన తువ్వాలును ముఖానికి రెండు మూడు నిమిషాలు అదిమి ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో మేడ మీది ట్యాంకు నీళ్లే తగినంత వేడిగా వస్తాయి, జనవరి ఉదయాల్లో గీజరు వేసుకోవాలి. మరీ వేడి నీళ్లు చర్మం మీది సహజమైన నూనెను లాగేస్తాయి కాబట్టి చేతికి సుఖంగా తగిలే వేడి దాటకూడదు.

నురుగు చేయడం

డబ్బాలో నొక్కితే వచ్చే నురుగులో గాలి ఎక్కువ, జారుదనం తక్కువ. ఒంటిసబ్బు త్వరగా ఎండిపోతుంది. ట్యూబు క్రీము గానీ గుండ్రని షేవింగ్ సబ్బు గానీ, దానితో పాటు ఒక బ్రష్ తప్పనిసరిగా ఉండాలి. బ్రష్‌లలో పందివెంట్రుకలవి, బాడ్జర్ వెంట్రుకలవి, సింథటిక్‌వి దొరుకుతాయి. తేమ ఎక్కువగా ఉండే మన ఊళ్లో సహజ వెంట్రుకల బ్రష్ వర్షాకాలంలో సరిగా ఆరక ముక్కవాసన పట్టే అవకాశం ఉంది. సింథటిక్ బ్రష్ త్వరగా ఆరిపోతుంది, ముందుగా నానబెట్టవలసిన పని కూడా ఉండదు.

బ్రష్‌ను తడిపి, నీళ్లు ధారగా కారకుండా రెండుసార్లు విదిలించండి. స్టీలు గిన్నెలో బాదం గింజంత క్రీము వేసి బ్రష్‌తో గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టండి. మొదట చిక్కని ముద్ద వస్తుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఆగకుండా, నాలుగైదు చుక్కల నీళ్లు వేస్తూ, మళ్లీ తిప్పుతూ, నిమిషం నుంచి నిమిషంన్నర దాకా కొనసాగించాలి. పెద్ద బుడగలన్నీ పోయి, గిలకొట్టిన మీగడ పెరుగులా మెరుస్తూ, బ్రష్ ఎత్తితే మెత్తని కొసలు నిలిచే స్థితికి వచ్చినప్పుడు నురుగు సిద్ధమైనట్టు. వేళ్ల మధ్య రుద్ది చూస్తే వేళ్లు పట్టు దొరకక జారిపోవాలి. జారకపోతే ఇంకా నీళ్లు కావాలి. నురుగు ఎంత ఎత్తుగా ఉందన్నది ముఖ్యం కాదు, ఎంత తడిగా ఉందన్నదే ముఖ్యం.

ముఖానికి పట్టించేటప్పుడు బ్రష్‌ను గుండ్రంగా తిప్పుతూ వెంట్రుకల మొదళ్ల దాకా నురుగు చేర్చి, చివర్లో రంగు వేసినట్టు అటూ ఇటూ నిమిరి సమంగా చేయండి. ముందుగా కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఉన్నవారు రెండు చుక్కలకు మించకూడదు, ఎక్కువైతే నురుగు విరిగిపోతుంది.

వెంట్రుకల వాలు తెలుసుకోవడం

ఇది బ్లేడు పట్టకముందే, రెండు రోజులు గడ్డం పెంచి చేయవలసిన పని. పొడి ముఖం మీద వేలి కొసను నెమ్మదిగా అన్ని దిక్కులా నడపండి. నున్నగా జారే దిక్కు వెంట్రుకల వాలు, గరగరలాడే దిక్కు దానికి ఎదురు. చెంపల మీద వాలు చాలామందికి పై నుంచి కిందికే ఉంటుంది. మెడ మీద మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో తీరు: కొందరికి కింది నుంచి పైకి, కొందరికి చెవి వైపు అడ్డంగా, కొందరికి కంఠముడి పక్కన సుడి తిరిగి ఉంటుంది. కాగితం మీద ముఖం బొమ్మ గీసుకుని బాణపు గుర్తులు పెట్టుకోండి. మెడ అంతా పై నుంచి కిందికి గీసుకుంటూ ఏళ్ల తరబడి మంటతో బాధపడేవారు, నిజానికి సగం మెడను వాలుకు ఎదురుగా గీస్తున్నామని ఈ పరీక్షతోనే మొదటిసారి తెలుసుకుంటారు.

బ్లేడు వేయడం, కోణం పట్టడం

బ్లేడును ఎప్పుడూ పొట్టి అంచులు పట్టుకునే తీయాలి. పై మూతను తిరగేసి బల్ల మీద పెట్టి, బ్లేడును దాని ములుకుల మీద కూర్చోబెట్టి, అడుగు పలక పెట్టి, పిడి తిప్పి బిగించండి. తరువాత ఎదురుగా పట్టుకుని చూస్తే బ్లేడు రెండు వైపులా సమానంగా బయటికి కనిపించాలి. ఒకవైపు ఎక్కువగా ఉంటే వదులు చేసి సర్దండి. ఈ ఒక్క చూపును బద్ధకించడం వల్ల కలిగే గాట్లు తక్కువేమీ కావు.

అయితే మొదటి రోజు బ్లేడు వేయకుండానే, ముఖానికి నురుగు పట్టించి, ఖాళీ రేజరుతో మొత్తం గడ్డం గీసినట్టు అభ్యాసం చేయండి. పిడిని నేలకు సమాంతరంగా, చెంపకు నిటారుగా పట్టుకుని పై మూతను మాత్రమే చర్మానికి ఆనించండి. ఇప్పుడు పిడిని మెల్లగా కిందికి దించుతూ రండి. మూత ఆనిన చోటే అడుగు పలక కడ్డీ కూడా చర్మాన్ని తాకబోయే క్షణంలో, బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం దాదాపు 30 డిగ్రీలు ఉంటుంది. అక్కడే నిలపాలి. పిడిని ఇంకా దించితే బ్లేడు తెంచడం మాని చర్మాన్ని గీకుతుంది, ఎత్తితే అసలు తాకదు. దవడ వంపు దగ్గర, చుబుకం చుట్టూ ఈ కోణం నిలబెట్టడానికి పిడి దిక్కు మారుతూ ఉండాలి. ఖాళీ రేజరుతో చేసే సాధన అంతా దానికోసమే.

మొదటి గీత నుంచి చివరి గీత దాకా

తొందర లేని రోజును ఎంచుకోండి. ఆదివారం సాయంత్రం చాలా అనువైనది, గీసుకున్న చర్మానికి రాత్రంతా విశ్రాంతి దొరుకుతుంది. విశాఖ వేసవిలో ఉదయం గీసుకుని వెంటనే ఎండలోకి వెళితే చెమటలోని ఉప్పు ప్రతి చిన్న గీరునూ మండిస్తుంది.

పిడిని చివరి భాగంలో మూడు వేళ్లతో, కలం పట్టుకున్నంత తేలికగా పట్టుకోండి. తలకు దగ్గరగా గుప్పిట బిగిస్తే ఒత్తిడి తప్పదు. రెండో చేత్తో చెంప చర్మాన్ని చెవి వైపు పైకి లాగి బిగువు చేయండి, వదులు చర్మం బ్లేడు ముందు ముడత పడి తెగుతుంది. కణత దగ్గర మొదలుపెట్టి, వాలు వెంట, రెండు మూడు సెంటీమీటర్ల పొట్టి గీతలతో కిందికి రండి. మణికట్టు కదలకుండా మోచేయి నుంచి చెయ్యి నడిస్తే కోణం మారదు. సరైన కోణంలో చిటచిటమనే సన్నని చప్పుడు వినిపిస్తుంది. ఫ్యాను, కొళాయి కట్టేసి ఆ చప్పుడు వినడం అలవాటు చేసుకోండి, కన్నుకంటే ముందు చెవే పొరపాటును పట్టిస్తుంది. రెండు మూడు గీతలకొకసారి రేజరును తిప్పి రెండో అంచు వాడండి, రెండూ నిండాక మగ్గులోని నీళ్లలో జాడించండి. కొళాయికి గానీ సింకు అంచుకు గానీ తట్టవద్దు, పదును దెబ్బతింటుంది.

చెంపలు రెండూ అయ్యాక దవడ కిందికి, తరువాత మెడకు రండి. మెడ దగ్గర తల పైకెత్తి, ఛాతీ పై భాగం నుంచి చర్మాన్ని కిందికి లాగి పట్టుకోవాలి. కంఠముడి మీద నేరుగా గీయవద్దు. గుటక వేసి ఆపినప్పుడు అది పైకి జరుగుతుంది, లేదా చర్మాన్నే వేళ్లతో పక్కకు జరిపి చదునైన చోట గీయవచ్చు. పై పెదవిని పళ్ల మీదికి లోపలికి బిగించి, మధ్య నుంచి చిన్న చిన్న గీతలతో పని ముగించండి. చుబుకాన్ని చివరికి ఉంచండి. అక్కడి వెంట్రుకలు అన్నిటికంటే మొండివి, నురుగులో ఎంత ఎక్కువసేపు నానితే అంత మంచిది. మొటిమలు, పుట్టుమచ్చలు ఉన్న చోట బ్లేడును ఆ చుట్టూ నడపాలి గాని మీదుగా నడపకూడదు.

ఏ చోటైనా నురుగు పోయాక మళ్లీ బ్లేడు ఆనించవద్దు. ఇంకా వెంట్రుకలు మిగిలాయని అదే చోట పొడిగా నాలుగుసార్లు గీకడం కొత్తవారిని వదలని వ్యసనం. వాలు వెంట ఒక్కసారి గీసినంత మాత్రాన ముఖం అద్దంలా నున్నగా కాదు, కానవసరం లేదు కూడా. నున్నదనం కావాలంటే ముఖం కడుక్కుని, మళ్లీ నురుగు పట్టించి, రెండోసారి వాలుకు అడ్డంగా గీయాలి. మొదటి రెండు వారాలు చెంపల మీద ఈ రెండు దఫాలు, మెడ మీద ఒకే దఫా చాలు. వాలుకు ఎదురుగా గీసే మూడో దఫాను, మంట లేకుండా రెండు దఫాలు సాగుతున్నాయని రూఢి అయ్యాక, అది కూడా మెడ మినహా, ప్రయత్నించండి. నౌకాదళంలోనో, స్టీల్ ప్లాంటు, రిఫైనరీల్లో ముఖానికి గాలి చొరకుండా బిగించే శ్వాస మాస్కులు పెట్టుకునే పనుల్లోనో ఉండి రోజూ గీసుకోవలసిన వారికి ఎదురు దఫా అసలే వద్దు. మాస్కు బాగా ఆనడానికి మొదటి రెండు దఫాల నున్నదనం సరిపోతుంది, రోజువారీ ఎదురుగీత చర్మాన్ని కోలుకోనివ్వదు.

గీసుకున్నాక

చల్లని నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద పటిక ముక్కను ఒక్కసారి మెల్లగా రుద్దండి. పటిక చర్మాన్ని ముడిచి సన్నని నెత్తురు చుక్కలను ఆపుతుంది. అంతకంటే గొప్ప ప్రయోజనం మరొకటి ఉంది: ఎక్కడ మీరు ఒత్తారో, ఎక్కడ ఒకే చోట రెండుసార్లు గీకారో అక్కడే అది చురుక్కుమంటుంది. ఆ చోట్లను గుర్తు పెట్టుకుని తరువాతిసారి అక్కడ చెయ్యి తేలిక చేయండి. నాకు తెలిసినంతలో ఈ విద్యకు ఇంతకంటే నిజాయితీగల గురువు లేదు. నిమిషం ఆగి పటికను కడిగేసి, తువ్వాలుతో అద్దుకుని, సువాసనలు లేని మాయిశ్చరైజర్ పలుచగా రాయండి. ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్ షేవ్ చర్మాన్ని పొడిబారుస్తుంది. ఆ పూట సముద్రస్నానం పెట్టుకోవద్దు.

గాటు పడితే శుభ్రమైన గుడ్డతో రెండు మూడు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి, మధ్యమధ్య తీసి చూస్తే నెత్తురు ఆగదు. మధుమేహం ఉన్నవారు, నెత్తురు పలుచబడే మందులు వాడేవారు ఈ రేజరు మొదలుపెట్టే ముందు తమ వైద్యుణ్ణి అడగాలి. వారికి విద్యుత్ షేవరే మేలు కావచ్చు.

ముఖమంతా సమానంగా మండితే నురుగు ఎండిందనో బ్లేడు మొద్దుబారిందనో అర్థం. ఒక్క మెడే మండితే వాలు తప్పింది. దవడ అంచున సూదిపొడుపుల్లాంటి నెత్తురు చుక్కలు వస్తే అక్కడ వంపుకు తగ్గట్టు పిడి దిక్కు మారలేదు, చెయ్యి ఒత్తింది.

రేజరు సంరక్షణ, పాత బ్లేడ్లు

ఒక బ్లేడు మూడు నుంచి ఐదు సార్లు వస్తుంది. మొండి గడ్డానికి ఇంకా తక్కువ. వెంట్రుకను లాగినట్టు అనిపించిన క్షణమే మార్చేయండి, దాని ఖరీదు కొద్ది రూపాయలే. పని అయ్యాక రేజరును విప్పి, జాడించి, నీళ్లు విదిలించి, బాత్రూము బయట గాలి ఆడే చోట ఆరబెట్టండి. బ్లేడు అంచును గుడ్డతో తుడవవద్దు. వారానికొకసారి పాత టూత్‌బ్రష్‌తో, గిన్నెలు తోమే ద్రవంతో పలకలు, మర చుట్లు రుద్ది కడగాలి. బ్రష్‌ను తలకిందులుగా వేలాడదీయండి. రేజరును గాని బ్లేడును గాని ఇంట్లో మరొకరితో పంచుకోకూడదు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు, కంటికి కనిపించని నెత్తురు చాలు.

వాడిన బ్లేడును నేరుగా చెత్తబుట్టలో వేయవద్దు. ఇంటింటికీ వచ్చే చెత్త బండి దగ్గర ఆ చెత్తను చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల వేళ్లు తెగుతాయి. మూత తెరవని పాల డబ్బా ఒకటి తీసుకుని, పై అంచున బ్లేడు దూరేంత సన్నని చీలిక కోసి, పాలు వంపేసుకుని, కడిగి ఆరబెట్టి బాత్రూము అలమరలో పెట్టుకోండి. బ్లేడు మార్చిన ప్రతిసారీ అందులో జారవిడవాలి. డబ్బా నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను టేపుతో మూసి, లోపల బ్లేడ్లున్నాయని పైన పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, పాత ఇనుము కొనేవారికి చెప్పి మరీ ఇవ్వండి.